తెల్ల తోటలో నల్ల సాలు

బాగేపల్లి తాలూకా చరిత్ర రాసినవాళ్లు పాళెగాళ్లను వదల్లేదు, కరువులను వదల్లేదు, హైదరాబాదు రహదారి వెడల్పయిన సంగతిని కూడా వదల్లేదు. స్టూడియో పురుషోత్తమ్ "యాడ?" అని అడగడం మొదలుపెట్టిన ఘట్టాన్ని మాత్రం అందరూ వదిలేశారు. ఈ లోటు పూడ్చవలసిన బాధ్యత మన తరం మీద పడింది.

ఘట్టం ఇది. బస్టాండు ఎదురు సందులోని తన స్టూడియోలో పురుషోత్తమ్ ఒకనాడు తాను తీసిన కొండ ఫొటోను, పాస్‌పోర్టు సైజు కోసం వచ్చిన ఒక పెద్దమనిషికి చూపించాడు. ఆయన రివాజు ప్రకారం "బాగుండాదప్పా" అన్నాడు. ఈ సీమలో అది అభిప్రాయం కాదు, మర్యాద. పెళ్లి విందులో చారుకూ అదే మాట, కొత్తింటి మెట్లకూ అదే మాట, పక్కింటివాళ్లు కొన్న ఎద్దుకూ అదే మాట. విన్నవాడు చిన్నగా నవ్వి వానల సంగతి ఎత్తుకోవాలి. పురుషోత్తమ్ ఎత్తుకోలేదు.

"యాడ బాగుండాది?" అన్నాడు.

పెద్దమనిషి ఫొటోను మళ్లీ చూశాడు. గోడను చూశాడు. "అంతా బాగుండాది" అన్నాడు.

"అంతా అంటే యాడ?"

"నాకు బస్సుకు యాళయింది" అంటూ ఆయన లేచిపోయాడు. పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుపోవడానికి భార్యను పంపాడు.

ఆనాటి నుంచి పురుషోత్తమ్ ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. క్షవరం చేసి "నీట్‌గా వచ్చింది సార్" అన్నవాడినీ అడిగాడు, "యాడ?" అని. అయితే అతని బాధను అర్థం చేసుకోవాలంటే ఆ ఫొటోల గురించి కొంత చెప్పుకోవాలి. బాగున్నాయని అబద్ధం చెప్పడానికి కూడా కాస్త ధైర్యం కావలసిన ఫొటోలు అవి.

ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో ముఖాలు తీస్తున్న మనిషికి, ముఖం లేనిదాన్ని తీయాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు. కొండ ఎన్నడూ "నా చెంపలు లావుగా వచ్చినాయి" అనదు. పాత కెమెరా ఒకటి తీసుకుని బెంగళూరు పోయి, ఒక రిపేరువాడిచేత లోపలి అద్దం పీకించి, వేరే అద్దం పెట్టించుకొచ్చాడు. మన కంటికి కనబడే వెలుగును అది ఆపేస్తుంది, కనబడని వెలుగును లోపలికి రానిస్తుంది. పాఠ్యపుస్తకాలు దాన్ని పరారుణం అంటాయి. పురుషోత్తమ్ ఇన్‌ఫ్రారెడ్ అంటాడు. బాగేపల్లి "ఆ తెల్ల ఫొటోలు" అంటుంది. పచ్చని ఆకు అందులో సున్నం వేసినట్టు తెల్లగా వస్తుంది. నీలాకాశం కాటుకలా నల్లబడుతుంది.

ఈ కెమెరా లోకానికి పరిచయమైన తీరు అంత శుభప్రదంగా లేదు. మురుగమల్ల దర్గా దారిలో తీస్తే, అమ్మకానికి వేలాడదీసిన పచ్చ చాదర్లన్నీ తెల్లగా వచ్చాయి. అంగడాయన ఫొటో చూసి, "నా సరుకును యప్పుడు ఉతికిస్తివి సామీ?" అన్నాడు. పేరేసంద్రలో ఒక పెళ్లికి సంచులు తారుమారై ఈ కెమెరానే వెంటపోయింది. పెళ్లికొడుకు నల్ల కోటు పాలిపోయిన బూడిద రంగులో వచ్చింది. పెళ్లివారు సర్దుకున్నారు. కోటు కుట్టిన దర్జీ మాత్రం ఇప్పటికీ సర్దుకోలేదు.

ఇట్లాంటి మనిషికి దిక్కు చిక్కబళ్లాపురంలోని ఛాయాచిత్ర బళగ. బళగ అంటే కన్నడంలో బృందం. నెలకొక ఆదివారం ఒక బేకరీ మేడమీద ఈ బృందం కూర్చుని ఒకరి ఫొటోలు ఒకరు చూసుకుంటుంది. అందులో సగం మంది కింది వాసనకు వస్తారని గిట్టనివాళ్లు అంటారు. పురుషోత్తమ్ చేరిన కొత్తలో అక్కడ కూడా ఒకే మాట ఏలుతూ ఉండేది. బాగేపల్లిలో "బాగుండాది", చిక్కబళ్లాపురంలో "సూపర్". అతను పట్టుబట్టి ఒక కట్టడి తెచ్చాడు: ఫొటోలో ఒక మంచి చెప్పాలి, ఒక లోపం చెప్పాలి, రెండూ యాడున్నాయో వేలుపెట్టి చూపాలి. "సూపర్" అన్నవాడు అందరికీ బన్నులు తెప్పించాలి. ఆ సంవత్సరం విమర్శ ఎంత ఎదిగిందో చెప్పలేను, బేకరీ మాత్రం ఎదిగింది.

కట్టడి తెచ్చినవాడు తానే పాటించి చూపాలి కదా. బళగలో శశికళ అని ఉంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. ఆమె తెచ్చిన ఫొటోలో అంతా ఆకాశమే, కింద సన్నగా చెరుకు తోట.

"చెరుకు బాగుండాదమ్మా, ఈడ, ఈ గాలికి వంగిన కాడ," అన్నాడు పురుషోత్తమ్. "ఇంత ఆకాశం మాత్రం ఏమిటికి? దాంట్లో మబ్బన్నా లేదు. ఊరికే మోస్తాండావు."

శశికళ ముఖం ఎర్రబడింది. ఇంటికిపోయి ఆకాశాన్ని సగానికి కోసేసింది. మరుసటి నెల పురుషోత్తమ్ ఫొటోను, రోగి ఛాతీ ఫిల్మును వెలుతురుకు పట్టినట్టు కిటికీకేసి పట్టి, "సార్, నట్టనడిమి గుండ్రంగా మచ్చ ఉండాది. కొండది కాదు, మీ లెన్సుది" అంది. నిజమే. కొన్ని లెన్సులకు ఈ వెలుగులో ఆ జబ్బు ఉంటుంది. పురుషోత్తమ్ లెన్సు మార్చాడు. లోపం చెప్పినందుకు లోపం, మంచి చెప్పినందుకు మంచి, బాకీ ఉంచుకోని మనుషులు ఇద్దరూ.

అయితే ఈ బళగలో తీర్పు చెప్పే పెద్ద చింతామణి శ్రీనివాసమూర్తి. కాలేజీలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. అందరూ మేష్ట్రు అంటారు. ఏడాదికొకసారి బళగ ప్రదర్శన పెడుతుంది. ఒక్కొక్కరిది ఒక్క ఫొటో. ఏది గోడకెక్కాలో మేష్ట్రు తల ఊపాలి. పురుషోత్తమ్ చేరిన నాటి నుంచి ఆ తల అతని వైపు ఊగలేదు. గోడమీద ఒక మేకు, దానికి తన ఫొటో. మనిషికి ఇంతకన్న చిన్న కోరిక ఉండదు, ఇంతకన్న మొండిగా కోరుకున్నవాడూ ఉండడు.

పరగోడు దగ్గర తీసిన మల్బరీ తోట ఫొటోను మేష్ట్రు ముందు పెట్టినప్పుడు ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఆకు బాగుండాది. కొండ బాగుండాది. అయితే నా కన్ను ఈ గట్టు మీదనే నిలబడిపోయింది పురుషోత్తమ్. తోటలోకి పోదామంటే అంతా తెల్లగుండాది, నీళ్లలోకి దిగినట్ల. లోపలికి దారి యాడుండాది?"

జీవితంలో మొదటిసారి పురుషోత్తమ్‌ను ఒకరు తిరిగి "యాడ" అని అడిగారు. మనసు నొచ్చుకుంది, ఆనందం కూడా వేసింది. బస్సులో బాగేపల్లి చేరేలోగా ఆనందం కరిగింది, పట్టుదల మిగిలింది. "దారి లేకపోతే తెస్తా" అనుకున్నాడు.

ఆ తోట అంజనమ్మది. ఆమె పట్టుపురుగులు మేపుతుంది, మిగిలిన ఆకును అమ్ముతుంది. ఫొటోకు అడిగితే, "తీసుకోప్పా, ఆకు మాత్రం తొక్కద్దు" అని ఒక్క షరతు పెట్టింది. తక్కిన ఫొటోగ్రాఫర్లు సూర్యోదయానికి లేస్తారు. ఈ కెమెరాకు నడినెత్తి ఎండ కావాలి. అందుకని ప్రతి ఆదివారం, జనం తిని పడుకునే వేళకు, అతను తల మీద తువాలు వేసుకుని తోట మొదట్లో నిలబడేవాడు.

"ఈ ఎండకు కుక్కలు కూడా రావు కదప్పా" అనేది అంజనమ్మ వసారాలోంచి.

"కుక్కలకు ఇన్‌ఫ్రారెడ్ తెలీదమ్మా."

"వాటికి తెలిసిందే మేలు."

డ్రిప్ నీళ్లకు నేల మెత్తగా ఉండి కెమెరా స్టాండు ఒక కాలు దిగబడుతూ ఉండేది. ఫొటో వంకరపోయేది. పురుషోత్తమ్ గట్టు మీది నుంచి ఒక చప్పిడి బండను రొప్పుతూ దొర్లించుకొచ్చి, నడిమి సాలు మొదట్లో, ఎండుటాకుల మీద పరిచాడు. స్టాండు కాలు దానిమీద ఆనించాడు. కదలలేదు. ప్రతివారం వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట నిలబడాలి గనక బండను అక్కడే ఉండనిచ్చాడు. శాస్త్రీయ దృక్పథం అంటే అదే.

పట్టుదలకు ఫలం ఉంటుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నెల సమావేశానికి తెచ్చిన ఫొటోలో తెల్లని తోట నడుమ, సన్నగా దారపుపోగులా ఒక బూడిదరంగు గీత కనిపించింది. మేష్ట్రు ముందుకు వంగాడు. "ఆఁ, ఈడ! ఈడ ఏదో మొదలైతాండాది. వదలద్దు." పురుషోత్తమ్ వదల్లేదు. వేళ మార్చాడు, స్టాండు ఎత్తు మార్చాడు, కంప్యూటర్లో నలుపు తెలుపులు సర్దాడు. వారం వారం గీత ముదిరింది. మరుసటి నెలకు అది కెమెరా దగ్గర మొదలై, తెల్లని ఆకుల మధ్య నల్లగా, తిన్నగా, కొండ పాదం దాకా పోయింది.

మేష్ట్రు కళ్లద్దాలు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"సూపర్" అన్నాడు.

వెంటనే ఒకరు లేచి కిందికి కేకవేశారు, మేష్ట్రు పేరుమీద బన్నులు పంపమని. "చెప్పింది విని, పోయి, పనిచేసి, తెచ్చినాడు. విమర్శను తీసుకునేది ఇట్ల!" అని ఆయన బన్ను చేతిలో పట్టుకునే ఉపన్యసించాడు. ఫొటోకు 'దారి' అని తానే పేరుపెట్టాడు. తల ఊపాడు. మేకు పురుషోత్తమ్‌దయింది.

సంతోషం పట్టలేక పురుషోత్తమ్ ఆ ఫొటోను పెద్దది చేయించి, కింద 'పరగోడు అంజనమ్మగారి తోట' అని రాసి, స్టూడియో అద్దంలో పెట్టాడు. మూడోనాడు అంజనమ్మగారు స్వయంగా వచ్చారు.

"ఏమప్పా పురుషోత్తమ్, నా తోటకు బూది రోగం యప్పుడొచ్చె?"

"రోగం యాడమ్మా?"

"యాడంటావా! నీ అద్దంలోనే పెట్టుకోనుండావు కదా! ఆకు కోసుకుపోయేకి రామాంజినప్ప వచ్చినాడు. ఈడ బస్సు దిగినాడు, నీ అంగడి ముందర నిలబడినాడు, ఈ పటాన్ని చూసినాడు, వచ్చిన బస్సే ఎక్కి పోయినాడు. ఫోను చేస్తే 'ఆకంతా తెల్లగా పట్టుకోనుండాది, అది మేపితే నా పురుగులు ఒక్కటి మిగల్దమ్మా' అంటాండాడు."

మల్బరీ ఆకు మీద తెల్లగా కనబడితే బూడిద తెగులే. పట్టుపురుగులు గూళ్లు కట్టే చంద్రికలు ఎత్తి పెరిగిన ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కళను గుర్తించకపోయినా రామాంజినప్ప రోగాన్ని గుర్తించాడు.

పురుషోత్తమ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. "అమ్మా, ఈ కెమెరా సంగతే వేరే. బాగుండే ఆకే దీంట్లో తెల్లగా వస్తాది. ఎంత తెల్లగుంటే అంత మంచిది. ఆకు వాడితే, రోగమొస్తే, అప్పుడు నల్లబడతాది."

అంజనమ్మ ఫొటోకేసి చూసింది.

"అట్లయితే ఈ నడిమి సాలు ఏమిటికి నల్లగుండాది?"

ఇటు ఒప్పుకుంటే ఆమె తోటకు జబ్బు, అటు కాదంటే తన ఫొటోకు జబ్బు.

"అది కంపోజిషనమ్మా."

"ఆ రోగానికి మందు యాడ దొరుకుతాది?"

ఆ మధ్యాహ్నమే అతను రామాంజినప్పను ఇంటినుంచి లేపి, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తోటకు తెచ్చాడు. అంచు సాళ్లలో ఆకు తెంపి చేతిలో పెట్టాడు. రామాంజినప్ప దాన్ని వెనకా ముందూ రుద్ది, వేళ్లు చూసుకుని, వాసన చూశాడు. "ఆకు పచ్చగానే ఉండాది. నీ కెమెరాకే బూది పట్టిందేమో చూపించుకో సామీ" అని, ఆ ఫొటో అద్దంలోంచి దిగితే ఆకు కొంటానన్నాడు. ఫొటో దిగింది. దాని స్థానంలో ఒక పెళ్లికొడుకు ఎక్కాడు, మామూలు నల్ల కోటుతో.

కానీ ప్రదర్శనలోంచి మాత్రం తీసేది లేదన్నాడు పురుషోత్తమ్.

"ఆ మేకుకు నా తోటే తగిలించాల్నా?" అంది అంజనమ్మ.

"తగిలించాల్సిందేనమ్మా. ఇన్నేళ్లకు ఒప్పుకున్నారు."

"అయితే నేనూ వస్తా. నా తోటను చూసి ఒక్కరు రోగమన్నా ఆడికాడే పీకి చంకన పెట్టుకోని వస్తా. చెప్పినా చూడు."

సరేనన్నాడేగాని, "ఏమిటికి నల్లగుండాది?" అన్న ప్రశ్న అతన్ని వదల్లేదు. ప్రదర్శనకు ముందు శశికళకు ఫొటో చూపించి, లెన్సు దోషమేమోనని అడిగాడు. ఆమె కిటికీకేసి పట్టి చూసింది.

"లెన్సుదైతే గుండ్రంగా ఉంటాది సార్. ఇది గీత గీసినట్ల ఉండాది. ఇది ఫొటోలో లేదు, తోటలో ఉండాది. యాడుండాదో పోయి చూసుకోండి."

పోలేదు. లోకాన్నంతా "యాడ?" అని వేధించిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ ఆదివారం తోట దారి తొక్కలేదు. పోతే ఏదో ఒకటి కనబడుతుంది. కనబడింది చెప్పాల్సొస్తుంది. చెబితే మేకు ఉంటుందో పోతుందో. ఎండ ఎక్కువగా ఉందని తనకు తాను చెప్పుకున్నాడు.

ప్రదర్శన రోజు అంజనమ్మ పట్టుచీర కట్టుకుని, తగువుకు సిద్ధంగా వచ్చింది. జనం బాగానే ఉన్నారు. 'దారి' నట్టనడిమి గోడమీద ఉంది. మేష్ట్రు దానిముందు నిలబడి, చేతిలో కర్రతో, కాలేజీలో నదులు చూపినట్టే చూపుతూ మాట్లాడాడు. మనిషికీ మట్టికీ ఉన్న బంధం అన్నాడు. వెలుగు మధ్యలో వేదన అన్నాడు. "ఈ నల్ల గీత యాడనుంచి మొదలైతాదో గమనించండి. కొండ దగ్గర కాదు, ఆకాశంలో కాదు. చూసేవాని కాళ్ల దగ్గర! అదీ దీంట్లో ఉండే సత్యం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. రోగమని ఎవరూ అనలేదు. పీకి చంకన పెట్టుకునే అవసరం రాక అంజనమ్మ కొంచెం నిరుత్సాహపడినట్టు కనిపించింది.

జనం పలచబడ్డాక ఆమె ఫొటో దగ్గరికి పోయి నిలబడింది.

"బాగుండాదప్పా" అంది.

అలవాటు మహా చెడ్డది. పురుషోత్తమ్ నోటివెంట ఆ మాట దానంతటదే వచ్చేసింది. "యాడ బాగుండాది?"

అంజనమ్మకు పోవలసిన బస్సేమీ లేదు. ఆమె వేలు పెట్టి చూపింది. "కొండ బాగుండాది, ఈడ. ఆకు బాగుండాది, జాజులు ఆరబోసినట్ల. ఈ సాలు మాత్రం నిజంగానే బాగలేదు. నువ్వు రాబట్టినాంక ఆకు చిన్నదైతాండాది, ముదురైతాండాది. నీ కెమెరా దిష్టే అనుకొంటి. మంచోడివి, ఎండలో పడి వస్తాండావు, మొగం మీద యట్ల అనేదిలే అని ఊరకుంటి."

పురుషోత్తమ్ ఫొటోను చూశాడు. పైన 'దారి' అని అట్టముక్క, వెనక మేకు. ఇన్నేళ్లుగా తాను అడుగుతున్నది ఇట్లాంటి జవాబే. వచ్చింది. ఇప్పుడు వినకపోతే, బస్సుకు యాళయిందన్న పెద్దమనిషికీ తనకూ తేడా ఉండదు.

"యాడనుంచి బాగలేదమ్మా?"

"మేష్ట్రు చెప్పె కదప్పా. నీ కాళ్ల దగ్గరనుంచి."

మరుసటి ఉదయమే అతను పరగోడు పోయాడు, మొదటిసారి కెమెరా లేకుండా. అంజనమ్మ మోటారు వేసి వచ్చింది. అటు సాళ్లలో, ఇటు సాళ్లలో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. నడిమి సాలు వెంట ఇద్దరూ కొండవైపు నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. చెట్టు చెట్టుకూ వంగి మొదలు తడిమి చూశాడు పురుషోత్తమ్. పొడి. పొడి. పొడి. సాలు మొదటికి వచ్చాక, గట్టు పక్కనున్న ఒకే ఒక్క చెట్టు మాత్రం నిగనిగలాడుతూ ఉంది, దాని మొదట్లో బురద.

ఆ చెట్టుకూ, తక్కిన సాలుకూ నడుమ అతని బండ ఉంది.

అతను రెండు చేతులతో దాన్ని ఎత్తి పక్కకు దొర్లించాడు. ఎండుటాకులు తోశాడు. డ్రిప్ పైపు అక్కడ చప్పిడిగా నొక్కుకుపోయి ఉంది.